ఆరు నంబరు బిట్టు

ఆ డబ్బా మూత ఇస్హాక్ భాయి ఆ సాయంత్రమే తీసి చూశాడా, పది రోజులకు చూశాడా, చూసినప్పుడు ఎవరిని తలుచుకున్నాడు, అన్న అనుమానం ఎనిమిదేళ్లుగా రాయమల్లు వెంట వస్తూనే ఉంది, బొగ్గు బాయిలోకి దిగితే వెంట దిగుతుంది, తవ్వే ఫేసు దాకా వస్తుంది, సోమవారం ఒక్కపొద్దు నాడు దీపం ముందు కూచుంటే పక్కనే వచ్చి కూచుంటుంది, ఇవాళ సెంటినరీ కాలనీ నుంచి గోదావరిఖని పోయే బస్సులో కిటికీ సీటు దొరికింది కదా అనుకుంటే అతని కన్నా ముందే ఆ కిటికీ దగ్గర కూచుని ఉంది, మొదటి షిఫ్టు దిగి, స్నానం చేసి, నుదుట విభూతి పెట్టుకుని, బోనసు డబ్బులు లోపలి జేబులో వేసుకుని బయల్దేరుతుంటే భార్య ఐలవ్వ గడపలో నిలబడి ఎటు అని అడిగింది, డ్రిల్లు కొననీకి అన్నాడు, ఆమె నవ్వింది, ఇరవై ఆరేండ్ల సంది బొగ్గుకు బొక్కలు కొడ్తనే ఉన్నవ్, ఇంక ఇంటి గోడలను గూడ ఇడువవా అన్నది, బట్టల తీగెకు కొక్కేలు గావాలన్నవు గద అంటే, కొక్కేలకు సుత్తె సాలదా, నాలుగు వేల మిషినే గావాల్నా అన్నది, నిజమే, సుత్తె చాలు, కానీ నాలుగు రోజుల కింద గోదావరిఖని అంగడి నుంచి వచ్చి బెండకాయలు చాటలో పోస్తూ ఐలవ్వే కదా ఆ మాట చెప్పింది, మైమూనక్క కనవడ్డది, ఇస్హాక్ భాయి గోలేటిల రిటైరైండట, ఖనిల అల్లుడు అలీముద్దీన్ పెట్టిన ఇనుప సామాన్ల దుకాణంల కూసుంటున్నడట, అని మామూలుగా చెప్పి లోపలికి పోయింది, ఆ మాటతోనే తనకు డ్రిల్లు కొనాలన్న కోరిక పుట్టిందని ఆమెకు ఎట్లా చెప్పడం, కొక్కేలు ఒక సాకు, డ్రిల్లు ఇంకొక సాకు, ఉత్త చేతులతో ఆ దుకాణం మెట్టెక్కే ధైర్యం లేక ఏదో ఒక పని చేతిలో పెట్టుకుని పోతున్నాడని.

అప్పుడు కాలనీ కొత్తది, క్వార్టర్లకు సున్నం వాసన ఇంకా పోలేదు, ఇస్హాక్ భాయి వర్క్‌షాపులో ఫిట్టరు, ఇద్దరికీ ఒకటే నడుమ గోడ, ఇటు పక్క రాయమల్లు సంసారం, అటు పక్క ఇస్హాక్ భాయి సంసారం, ఎదురు వరుసలో ముత్యం, ముత్యమంటే బాయిలో రాయమల్లుకు జత, బొగ్గు డ్రిల్లును ఒక్కడు ఆపలేడు, చెరొక పిడి పట్టుకుని ఇద్దరు తోయాలి, ఆ ఇద్దరు అప్పుడూ వీళ్లే, ఇప్పుడూ వీళ్లే, ఐలవ్వ ముచ్చటపడి చేయించిన టేకు చెక్క దేవుని గూడు వచ్చి నెలైనా గోడకు ఎక్కలేదు, మేకు కొడితే మేకే వంగుతుంది, పెచ్చు ఊడుతుంది, అది చూసి ఇస్హాక్ భాయి తనంతట తనే చేతి డ్రిల్లు తెచ్చి ఇచ్చాడు, రొమ్ముకు ఆనించుకునే ఇనుప పలక, పక్కన తిప్పే చెయ్యి, దాంతోపాటు చిన్న రేకు డబ్బా, అందులో నూనె గుడ్డలో చుట్టిన ఒకే ఒక్క బిట్టు, ఆరు నంబరుది, గోడలు తొలిచేది, మొనకు వేరే గట్టి లోహం అతికి ఉంటుంది, హైద్రాబాద్ నుంచి దెప్పిచ్చిన అన్నాడు, ఇక్కడ దొర్కది, ఐతారం నాకు గావాలె, మైమూనాకు మంచం పక్కన ఇనుప పిడి పెట్టాలె, పట్టుకుని లేస్తది, అన్నాడు, అతని భార్య మైమూనక్కకు ఆ ఏడు పక్షవాతంతో ఎడమ చెయ్యి, ఎడమ కాలు పడిపోయాయి, పిడి తయారై గోడకు ఆనించి ఉండటం రాయమల్లు కళ్లతో చూశాడు, పోతూ పోతూ గడపలో ఆగి ఇస్హాక్ భాయి చెప్పాడు, రాయమల్లూ, ఇది బొగ్గు గాదు, తొయ్యకు, ఉత్తగ తిప్పు, అదే తింటది.

తొయ్యకుండా ఎట్లా, పద్దెనిమిదేళ్లుగా తోయడమే చదువు, తొడ ఆనించి తోయడం, భుజం ఆనించి తోయడం, తోస్తేనే రాడ్డు లోపలికి పోతుంది, తోయకపోతే డ్రిల్లు చేతుల్లో గిరగిర తిరిగి మనిషినే విసిరేస్తుంది, మొదటి రెండు నిమిషాలు చెప్పినట్టే తిప్పాడు, పిండి రాలింది, లోపల రాయి తగిలినట్టు గీరుడు చప్పుడొచ్చింది, అంతే, ఒళ్లు తన మాట వినలేదు, కాళ్లు వాటంతట అవే వెనక్కి జరిగి నేలను పట్టుకున్నాయి, రొమ్ము పలక మీద వాలింది, ఒంటి బరువంతా అటు పోయింది, టక్ మని ఒక చప్పుడు, చిన్నదే, పుల్ల విరిగినంత, మొన గోడలో ఉండిపోయింది, తోక చేతిలో మిగిలింది, ఐలవ్వ నీళ్ల కోసం పోయింది, ఇంట్లో ఎవరూ లేరు, జానెడు దూరంలో ఉలితో సుత్తెతో గుంత కొట్టి, కట్టె బిరడా దిగగొట్టి, స్క్రూ బిగించి గూడు ఎక్కించాడు, విరిగిన మొన గూడు వెనక్కి పోయింది, మిగిలిన తోకను నూనె గుడ్డలో ఎప్పటిలాగే చుట్టి డబ్బాలో పెట్టి మూత వేశాడు, ఎందుకట్లా చుట్టాడో ఇప్పటికీ తెలియదు, రేపు చెప్తా అనుకున్నాడు, ఇంకొకటి కొని తెచ్చి చేతిలో పెట్టి చెప్తా, ఉత్త చేతులతో చెప్తే ఏం బాగుంటుంది, అనుకుని ఆ సాయంత్రం డబ్బా ఇస్తూ పని అయింది భాయ్ అన్నాడు, ఇస్హాక్ భాయి మూత తియ్యలేదు, దేవుడు గట్టిగ కూసున్నడా అని నవ్వి కిటికీలో పెట్టాడు.

బస్సు ఎనిమిదో ఇంక్లైన్ కాలనీ దాటింది, కండక్టరు ఎవరితోనో చిల్లర కోసం తగాదా పడుతున్నాడు, అప్పుడు రేపు రేపు అనుకుంటూ గోదావరిఖనిలో మూడు దుకాణాలు తిరిగాడు, దొరకలేదు, ఆదివారం దాటింది, అటు పక్క గోడలో డ్రిల్లు చప్పుడు కాలేదు, తెల్లవారుజామున తను గూటి ముందు దీపం పెట్టి కళ్లు మూసుకునే వేళకు సరిగ్గా అటు పక్క నుంచి మైమూనక్క గొంతు, జరా హాథ్ దేవ్ జీ, కొంచెం చెయ్యి అందియ్యమని, ఇస్హాక్ భాయి రాత్రి షిఫ్టులో ఉంటే ఆ పిలుపుకు జవాబు ఉండదు, కాసేపు ఆగి మళ్లీ పిలుస్తుంది, తర్వాత మంచం కిర్రుమంటుంది, తనంతట తనే లేవాలని చూస్తున్నట్టు, మంత్రం తప్పిపోతుంది, మొదటి నుంచి మొదలు పెడతాడు, ఒకరోజు ఆ కిర్రు తర్వాత దబ్బుమని చప్పుడు, ఐలవ్వా తనూ పరుగెత్తారు, మైమూనక్క కింద పడి ఉంది, మణికట్టు వాచింది, ఎత్తి కూచోబెట్టి రిక్షాలో దవాఖానకు తీసుకుపోయాడు, డ్యూటీ దిగి వచ్చిన ఇస్హాక్ భాయి తన రెండు చేతులూ పట్టుకుని, నువ్వు లేకుంటె ఏమయ్యేదో అన్నాడు, ఆ రెండు చేతులు, డబ్బాలో విరిగిన ముక్క చుట్టి పెట్టిన చేతులవే, అప్పుడైనా చెప్పి ఉండాల్సింది, చెప్పలేదు, రెండు నెలలకు అటు పక్క గోడలో డ్రిల్లు తిరిగింది, ఎక్కడి నుంచో ఇంకొక బిట్టు వచ్చిందన్నమాట, ఆ చప్పుడు వింటూ హమ్మయ్య అనుకున్నాడు, అనుకున్నందుకు సిగ్గు కూడా పడ్డాడు, మరుసటి ఏడు ఇస్హాక్ భాయికి గోలేటి బదిలీ అయింది, లారీలో బీరువా ఎక్కిస్తూ ఇప్పుడు చెప్తా అనుకున్నాడు, తాడు కట్టాక చెప్తా అనుకున్నాడు, లారీ పోయింది.

ఊరికే కూచున్నాడా అంటే అదీ లేదు, వేములవాడ పోయి రాజన్నకు కోడె కట్టి మొక్కు తీర్చాడు, ఒకసారి కాదు మూడుసార్లు, తలనీలాలు ఇచ్చాడు, సోమవారాలు ఒక్కపొద్దు ఉన్నాడు, గుడిలో కళ్లు మూసుకుని స్వామీ నాది తప్పయింది అన్నాడు, ఏం తప్పో దేవునికి తెలియదా, చెప్పనక్కర్లేదు, అదే సుఖం దేవునితో, అనుకున్నాడు, కానీ ఇంటికొచ్చి గూటి ముందు కూచుంటే మనసు గూటిలోని దేవుని మీద కాకుండా గూడు వెనక గోడలో ఉన్న మొన మీదికి పోతుంది, దండం దేనికి పెడుతున్నాడో తనకే అనుమానం వస్తుంది, ఇంకొక సంగతి ఉంది, దాన్ని ఎప్పుడూ పూర్తిగా అనుకోనివ్వడు, అది రాబోతుంటే ఏదో పని కల్పించుకుంటాడు, ఆ రోజుల్లోనే ఇస్హాక్ భాయికీ ముత్యానికీ మాటలు పోయాయి, ఒకరి కంచంలో ఒకరు తిన్నట్టు ఉండేవాళ్లు, ఈద్ నాడు సేమ్యా మొదటి గిన్నె ముత్యం ఇంటికి పోయేది, ఉన్నట్టుండి ఎదురుపడితే తలలు తిప్పుకోవడం మొదలైంది, ఎందుకని తను ఎవరినీ అడగలేదు, ఎందుకు అడగలేదు, కాలనీలో ఎవరి పిల్లికి పాలు తక్కువైనా ఐలవ్వ ద్వారా తెలుసుకునే మనిషి ఆ ఒక్కటి ఎందుకు అడగలేదు, డబ్బా ఇచ్చిన మర్నాడు కాళ్లు కడుక్కుంటూ తలెత్తితే బాటలో ముత్యం పోతున్నాడు, చేతిలో ఏదో తళుక్కుమంది, రేకులాంటిది, ఎండ కావచ్చు, టిఫిన్ కావచ్చు, తను తల దించుకుని ఇంకొక చెంబు నీళ్లు కాళ్ల మీద పోసుకున్నాడు, ఖని, ఖని, దిగుండ్రి అని కండక్టరు అరిచాడు.

లక్ష్మీనగర్‌లో దుకాణం వెతుక్కోనక్కర్లేకపోయింది, ముందు గొలుసులు, పారలు వేలాడుతున్నాయి, లోపల అలీముద్దీన్ ఒక్కడే, రా కాకా అన్నాడు, రాయమల్లు చూపు అతన్ని దాటి వెనకకు పోయింది, బిట్లు సానబట్టే చక్రం దగ్గర ఖాళీ స్టూలు, దాని మీద మడిచిన తువ్వాల, మామ నమాజుకు పోయిండు, అసర్ టైము, ఇప్పుడే వస్తడు, నీకేం గావాలె, అన్నాడు అలీముద్దీన్, అమ్మయ్య అనిపించింది, వెంటనే అయ్యో అనిపించింది, ఇంటికి డ్రిల్లు అన్నాడు, అలీముద్దీన్ అద్దాల అల్మారా తీసి ఆకుపచ్చ మిషను తెచ్చి పేపరు మీద పెట్టాడు, హైద్రాబాద్ నుంచి రెండే పీసులు దెచ్చిన, ఒకటి డాక్టరు కొన్నడు, రాయమల్లు దాన్ని ఎత్తి, తిప్పి, కిందా మీదా చూసి, దీని వైరేది అన్నాడు, వైరు లేదు కాకా, బ్యాటరీ, రాత్రి ఛార్జికి పెట్టు, పగలు ఎక్కడికైన తీస్కపో, అన్నాడు అలీముద్దీన్ ముసిముసిగా, వైరు లేని డ్రిల్లు, బాయిలో డ్రిల్లు కన్నా ముందు కేబులే చూస్తారు, ఎక్కడ చితికింది, ఏ బండ కింద ఉంది, ఎవరి కాలికి చుట్టుకుంటుంది, కేబులు గుంజేవాడు ఒకడు, పిడి పట్టేవాళ్లు ఇద్దరు, వెనక నిలబడి జల్ది అని అరిచేవాడొకడు, ఇంతమంది పని ఈ పిడికిలంత మిషను ఒక్కటే చేస్తుందట, బటన్ నొక్కితే తేనెటీగలా మూలిగింది, అలవాటుగా కాళ్లు వెనక్కి జరిగాయి, అలీముద్దీన్ అది చూసి, అట్ల తొయ్యద్దు కాకా అన్నాడు, చెక్కకు, ఇటుక గోడకు ఇది సాలు, సిమెంటు పిల్లరైతే కాదు, నేను అబద్ధం చెప్ప, దానికి వైరుది పెద్దది గావాలె, రాయమల్లు తల ఊపాడు, సిమెంటు పిల్లరు లేదు బిడ్డా, బిట్లు జూపియ్యి అన్నాడు.

బిట్లు వరసగా పేపరు మీదికి వచ్చాయి, చెక్కవాటికి నడుమ సూదిమొన, ఇనుమువి నల్లగా నునుపుగా, గోడవాటికి మొనకు అతుకు, ప్లాస్టిక్ సంచుల్లో గుత్తులు గుత్తులు, నాలుగు, అయిదు, ఆరు, ఎనిమిది, ఆరు నంబరుది ఎంత అంటే పాతిక అన్నాడు, పాతిక రూపాయలు, మూడు దుకాణాలు తిరిగినా అప్పుడు దొరకనిది ఇప్పుడు గల్లా పక్కన మేకుకు వేలాడుతోంది, ఎనిమిదేళ్లు దీని కిందనా నలిగింది, రెండు ఇయ్యి అన్నాడు, ఒకటి మిషనుతో పాటు డబ్బాలో పెట్టించాడు, ఒకటి చొక్కా పైజేబులో వేసుకున్నాడు, డబ్బులు ఇచ్చాడు, రసీదు అయింది, తాడు కట్టడం అయింది, ఇక దుకాణంలో చేయడానికి పని లేదు, పోవచ్చు, డ్రిల్లు కొననీకి వచ్చాడు, కొన్నాడు, బస్సు ఉంది, ఇంకో సోమవారం రావచ్చు, ఎనిమిది నంబరు బిట్టు మర్చిపోయిన అని ఇంకోసారి రావచ్చు, అట్లా వస్తూ పోతూ ఉంటే ఒకరోజు ఇద్దరిలో ఎవరో ఒకరు రారు, అంతటితో అయిపోతుంది, ఆ తోవ ఎంత సాఫీగా ఉందో చూసి భయం వేసింది, డబ్బా చంకలో పెట్టుకుని మెట్టు దిగబోతుంటే ఎదురుగా తెల్ల టోపీ, నెరిసిన గడ్డం, కొంచెం వంగిన నడుము, అరె రాయమల్లూ, అన్నాడు ఇస్హాక్ భాయి, అంతే, మధ్యలో ఏడేళ్లు లేనట్టు, భుజం మీద చెయ్యి వేసి లోపలికి నడిపించాడు, స్టూలు మీద తువ్వాల తీసి అతన్ని కూచోబెట్టి తను పెయింటు డబ్బా బోర్లించుకుని కూచున్నాడు, ఐలవ్వ మంచిగున్నదా, మైమూనా ఇప్పుడు కర్రతోని గల్లీ అంత తిరుగుతది, నాకే మోకాళ్లు పోయినయ్, ఒక్కపొద్దా ఇయ్యాల, చాయ్ తాగుతవు గద, అని ఒక్కొక్కటే అడుగుతున్నాడు, ప్రతిదానికీ ఊ అంటున్నాడు రాయమల్లు.

భాయ్, నీ బిట్టు ఇర్గగొట్టింది నేనే.

ఇస్హాక్ భాయి ఏ బిట్టు అని అడగలేదు, కళ్లద్దాలు తీశాడు, కుర్తా అంచుతో తుడిచాడు, మళ్లీ పెట్టుకున్నాడు, ముత్యం గాదా, అన్నాడు, చాలా నెమ్మదిగా, తనను తాను అడుగుతున్నట్టు, రాయమల్లు కళ్ల ముందు ఆ తళుకు, బాటలో పోతున్న ముత్యం చేతిలో రేకు, ఎండ కాదు, టిఫిన్ కాదు, ఇన్నేళ్లూ రానివ్వని సంగతి వచ్చి ఎదురుగా కూచుంది, నువ్వు ఇచ్చిన తెల్లారి ముత్యం అడిగిండు, డబ్బా అట్లనే ఇచ్చిన, అన్నాడు ఇస్హాక్ భాయి, గంటకు వాపసు దెచ్చి, భాయ్ ఇది ఇరిగి ఉన్నది, నేను మూత దీసేసరికే గిట్లున్నది, అన్నడు, చూసిన, నేను ఫిట్టర్ని, ఇనుము ఎట్ల ఇరిగిందో చూస్తె తెలుస్తది, అది తోస్తె ఇరిగింది, డ్రిల్లర్ తోసిండు, డ్రిల్లర్లు ఇద్దరే, నువ్వు, అతను, చాయ్ వచ్చింది, గ్లాసు చేతిలోకి తీసుకుని రాయమల్లు తాగలేదు, ఇస్హాక్ భాయి చెబుతూ పోయాడు, నువ్వు పని అయింది భాయ్ అని ఇచ్చినవ్, నువ్వు తెల్లారకముందే లేచి పూజ చేసేటోడివి, గోడ ఇవతల నాకు గంట ఇనపడేది, ఆ మనిషి అబద్ధం ఆడడు అనుకున్న, ముత్యం దేవునికి దండం పెట్టంగ నేను ఎన్నడు చూడలే, కల్లు దుకాణం కాడ చూసిన, అందుకే అతని మీద పడ్డ, మా ఆడమనిషి లేవలేక ఏడుస్తున్నదిరా, ఇరగ్గొట్టినా అని చెప్తె పోయేది, అబద్ధం కైకు, ఎందుకాడినవ్ అన్న, వర్క్‌షాపు కాడ పదిమంది ముందల అన్న, నేను కాదు అన్నడు, ఒక్కసారే అన్నడు, మళ్ల అనలే, వెళ్లిపోయిండు.

తన గంటే, తన విభూతే, తను తెల్లవారకముందే లేచి చేసిన పూజే ముత్యం మీద నేరం మోపాయి, ఇన్నాళ్లూ తప్పు ఒక పక్క, భక్తి ఒక పక్క అనుకున్నాడు, ఆ తప్పును ఈ భక్తి కడుగుతోంది అనుకున్నాడు, కడగలేదు, కప్పింది, మంచివాడన్న పేరు వెనక తను నిలబడితే ఆ నీడ పోయి ఇంకొకని మీద పడింది, ఆ ఇంకొకడు ఎవరు, రోజూ రెండో పిడి పట్టుకునేవాడు, ముత్యానికి తెలుసు, తెలియకుండా ఎట్లా ఉంటుంది, అతనికన్నా ముందు డబ్బా ఎవరి చేతిలో ఉందో ఇస్హాక్ భాయి చెప్పే ఉంటాడు, అంటే అన్ని షిఫ్టులూ, అన్ని రోజులూ, చెరొక పిడి పట్టుకుని దుమ్ములో ఒకే రాడ్డును తోస్తూ, బండ చప్పుడైతే అన్నా ఎనుకకు జరుగు అని తనను గుంజుతూ, తెలిసే పనిచేశాడు, అప్పుడప్పుడూ టిఫిన్ విప్పుకుంటూ, నీ దేవుని గూడు గట్టిగున్నదా అన్నా, అని అడిగేవాడు, గట్టిగుందిరా అంటే నవ్వేవాడు, ఆ నవ్వు ఏమిటో ఇప్పుడు తెలిసింది, రాయమల్లు పైజేబులో నుంచి బిట్టు తీసి చేయి చాపాడు, భాయ్ తీస్కో, ఇస్హాక్ భాయి దాన్ని చూశాడు గానీ ముట్టుకోలేదు, ఇక్కడ గాదు, అన్నాడు, పదిమంది ముందల అతన్ని అన్న, అతని ముందల ఇయ్యి, లేవబోతూ మోకాలు పట్టుకుని మూలిగాడు, అలీముద్దీన్, దుకాణం చూస్కో, నేను పోయొస్త, అన్నాడు.

తిరుగు బస్సులో డ్రిల్లు డబ్బా ఒడిలో పెట్టుకుని ఒకరు, తస్బీ పూసలు తిప్పుతూ ఒకరు, నా క్వార్టర్ల ఎవరుంటున్నరు అని ఒకసారి ఇస్హాక్ భాయి అడిగాడు, భూపాలపట్నం పక్క మనిషి, మంచోడే, అన్నాడు రాయమల్లు, పిడి ఉన్నదా గోడకు, ఉన్నది, వాళ్లు దానికి సంచి తగిలిస్తరు, అంతే, కాలనీలో దిగేసరికి ఎండ పలచబడింది, ముత్యం తన క్వార్టరు ముందు కిటికీ చువ్వకు అద్దం తగిలించి గడ్డం గీసుకుంటున్నాడు, ఒక చెంప నున్నగా, ఒక చెంప నిండా నురగ, అద్దంలోనే ముందు ఇద్దరినీ చూశాడు, వెనక్కి తిరగలేదు, కత్తి నీళ్లలో ముంచి విదిలించి, ఎనిమిదేండ్ల కింద బయల్దేరినట్టున్నరు, బస్సు ఇప్పుడు దొర్కిందా భాయ్, అన్నాడు, ఇస్హాక్ భాయి నవ్వలేదు, ముత్యం, నిన్ను గలత్ అన్న, పదిమంది ముందల అన్న, మాఫ్ చెయ్యి, అని రెండు చేతులూ జోడించబోతే ముత్యం కత్తి కింద పారేసి ఆ చేతులు పట్టుకున్నాడు, పెద్దోడివి, గట్ల చెయ్యకు, నురగ ఇస్హాక్ భాయి మణికట్టుకు అంటింది, రాయమల్లు నిలబడే చెప్పాడు, ఇర్గగొట్టింది నేను, గుడ్డల సుట్టి పెట్టింది నేను, నీ చేతిల డబ్బా జూసి తల దించుకున్నది గూడ నేనే, ముత్యం, ఒక్క ముక్క కూడా దాచుకోకుండా చెప్పాడు.

నాకెర్కనే అన్నా, అన్నాడు ముత్యం, నువ్వు చెప్తవని ఒక ఏడాది జూసిన, తర్వాత చూసుడు బందు వెట్టిన, మరి భాయికి ఎందుకు చెప్పలేదురా అని రాయమల్లు అంటే ముత్యం నున్నటి చెంప గోక్కున్నాడు, ఒక్క డ్రిల్లు పట్టేటోళ్లం, లోపల నువ్వు పిడి వదిల్తె నేను పోత, నేను వదిల్తె నువ్వు పోతవు, గసొంటప్పుడు మీద కొట్లాడి కిందికి ఎట్ల పోవాలె, అన్నాడు, అంతలో తలుపు దగ్గర నుంచి సారవ్వ, ముత్యం భార్య, చేతిలో పిండి అట్లాగే ఉంది, అంతా విన్నట్టుంది, నీకు ఎర్కుండి నోరు మూస్కున్నవా, అని మొగుని మీద లేచింది, మైమూనక్క కింద వడ్డనాడు గూడ నేను గడప దాటలే, నీ మానం కోసమని, ఒక్క ఈద్ సేమ్యా ముట్టలే, అని, తర్వాత రాయమల్లు వైపు తిరిగి గొంతు తగ్గించింది, బావా, నువ్వు వేములాడ పోయొచ్చినప్పుడల్ల ప్రసాదం దెచ్చి పెట్టినవ్, కండ్లకద్దుకుని తిన్నం, అన్నది, తిట్టినా బాగుండేది, రాయమల్లు తల ఊపాడు, అవును పెట్టాను, మూడుసార్లు పెట్టాను, ఆ ప్రసాదం చేతిలో పెడుతూ కూడా చెప్పలేదు, పక్క క్వార్టరు వాళ్లు ఇద్దరు ముగ్గురు బయటికొచ్చి చూస్తున్నారు, చూడనీ అనుకున్నాడు, అంతమంది ఉండటమే మంచిది.

పైజేబులో నుంచి బిట్టు తీసి, ప్లాస్టిక్ సంచి చించి, అందరి ముందూ ఇస్హాక్ భాయి అరచేతిలో పెట్టాడు, ఇస్హాక్ భాయి దాన్ని కంటి దగ్గరికి తీసుకుని, ఫిట్టరు ఏ బిట్టునైనా చూసినట్టే, మొన మీద బొటనవేలి గోరు ఆనించి అతుకు గట్టిగా ఉందా లేదా చూశాడు, వెలుతురు వైపు తిప్పాడు, ముత్యం వైపు చూశాడు, ముత్యం సగం గడ్డంతోనే తల ఊపాడు, అప్పుడు దాన్ని కుర్తా జేబులో వేసుకుని, ముట్టింది, అన్నాడు ఇస్హాక్ భాయి, బాకీ అందుకున్నవాడు అనే ఒక్క మాట, ఆ మాట చెవిన పడేదాకా తను ఇన్నేళ్లూ దాని కోసమే తిరుగుతున్నానని రాయమల్లుకు తెలియలేదు, కోడె కట్టినప్పుడు, జుట్టు ఇచ్చినప్పుడు, పస్తున్నప్పుడు, గర్భగుడి ముందు నిలబడి చెవులు రిక్కించి విన్నది ఈ మాట కోసమే, వినపడకపోతే దేవునికి ఇంకా కోపం పోలేదేమో అనుకున్నాడు, కోపం కాదు, తనకు రావలసింది కానిదాన్ని ఆయన ఎట్లా ముట్టిందంటాడు, ఆ మాట అనవలసిన మనుషులు ఇన్నాళ్లూ ఒకరు గోడ అవతల ఉన్నారు, ఒకరు రెండో పిడి దగ్గర ఉన్నారు.